రాజుల దిబ్బ మీద పెద్దమామా

నేను చైనా చూశానంటే మా కోనసీమలో ఇప్పటికీ ఒక్కరూ నమ్మరు. "కువైట్‌లో వంట చేసుకునేదానివి, చైనా ఎప్పుడెళ్లావే?" అని మా వదిన మొహం మీదే అడిగింది. వెళ్లాను. విమానంలో కిటికీ పక్కన కూర్చుని మరీ వెళ్లాను. వెయ్యేళ్లు దాటిన రాజధానిలో, రాజులు కొలువు తీరిన చోట, ఒక కాపలా మనిషితో పోట్లాట కూడా పెట్టుకున్నాను. జరిగింది జరిగినట్టు చెబుతాను. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

రెండువేల పది దాటిన రోజులు. అప్పటికే నేను కువైట్ వచ్చి చాలా ఏళ్లయింది. మొదట్లో ఆ ఇంట్లో వంటపని. తరవాత ఇంటి పెద్దావిడ బాగోగులు నాకు అప్పజెప్పారు. పనికెళ్లిన మాబోటివాళ్లం యజమానురాలిని మామా అంటాం. ఆ ఇంట్లో మామాలు ఇద్దరు. కోడలు మామా, అత్తగారు పెద్దమామా. పెద్దమామా కొడుకుని బాబా అనేదాన్ని. బాబాకి యాభై దాటాయి, భారీ మనిషి, చైనా నుంచి టైల్స్ తెప్పించి అమ్మే వ్యాపారం. ఒక్క మాట అడ్డంగా అనేవాడు కాదు, కానీ అన్న మాట వెనక్కి తీసుకునేవాడూ కాదు.

పెద్దమామాకి కోపం ముక్కు మీదే ఉండేది. నాకూ అంతే. టీలో యాలకులు ఎక్కువయ్యాయని ఆవిడ అరిస్తే, నిన్న తక్కువయ్యాయని అరిచింది మీరేనని నేను అరిచేదాన్ని. కోడలుమామా మొదట్లో బిత్తరపోయింది. తరవాత తరవాత మేం అరుచుకోకపోతే ఇద్దరికీ ఒంట్లో బాగాలేదేమోనని తలుపు తీసి చూసి వెళ్లేది.

ఆ ముసలావిడకి ప్రపంచంలో ఒకే ఒక్క పిచ్చి. డేరా. కువైట్ వాళ్లు ఎడారిని బర్ అంటారు. చలికాలం వచ్చిందంటే చాలు, సంసారాలన్నీ సర్దుకుని బర్‌కి పోయి డేరాలు వేసుకుంటారు. ఇంట్లో ఏసీలు, సోఫాలు, పాలరాతి గచ్చులు వదిలేసి, పోయి పోయి ఇసకలో కూర్చుంటారు. మొదటిసారి చూసి వీళ్లకేం పొయ్యేకాలం అనుకున్నాను. రెండో ఏడాదికి నేనే నెల ముందునుంచి ఎదురుచూడటం మొదలుపెట్టాను. అక్కడ తుడవడానికి గచ్చు ఉండదు. పక్క డేరాల్లో పనిచేసే మన ఆడవాళ్లు కనిపిస్తారు. పెద్దమామా బొగ్గుల కుంపటి ముందు చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, గహ్వా, అంటే యాలకులేసిన వాళ్ల కాఫీ, కాచి, చిన్న చిన్న గిన్నెల్లో పోసి నాకూ ఇచ్చేది. వానపడిన ఏడాది ఇసకలో ఒకరకం దుంపల్లాంటివి పుట్టుకొస్తాయి, పుట్టగొడుగుల జాతి. వాటికోసం మేమిద్దరం నేల చూపులు చూసుకుంటూ తిరిగేవాళ్లం. ఇంట్లో గది దాటని మనిషి అక్కడ నాకంటే ముందు నడిచేది.

అలాంటిది ఒక చలికాలం డేరా ముందు చాప మీద నుంచి లేవబోతూ పడింది. తొడుక్కున్న నల్ల అబాయా అంచు కాలికింద పడి, ముందుకి తూలి, మోకాలు దెబ్బతింది. ఎముక విరగలేదు, దేవుడి దయ. కానీ ఆ తరవాత నేల మీద కూర్చుంటే లేవలేకపోయేది. ఇంట్లో చేతికర్ర, బయటికెళ్తే చక్రాల కుర్చీ. మళ్లీ డేరాల కాలం దగ్గరపడగానే బాబా తేల్చి చెప్పేశాడు.

"ఇంక డేరా లేదు, యుమ్మా. ఖలాస్. దానికి బదులు ఈసారి మాతో చైనా తీసుకెళ్తాను. షియాన్ అని పెద్ద ఊరు. పూర్వం రాజధాని. మసీదు ఉంది, హలాల్ తిండి ఉంది. చూద్దువుగాని."

"చైనా నాకెందుకురా? నాకు నా ఇసక కావాలి," అంది పెద్దమామా.

"ఇసకలో కూర్చుంటే లేవలేవు కదా?"

"ఎవరన్నారు లేవలేనని?"

బాబా నవ్వాడు. ఆ నవ్వే ఆవిడకి మండింది. నాకూ మండింది, నిజం చెప్పాలంటే. ఆవిడ వేలు చూపించి బేరం పెట్టింది. చైనా నుంచి తిరిగొచ్చేలోపు నేల మీద కూర్చుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తనంతట తాను లేచి నిలబడితే డేరా వెయ్యాలి. లేవలేకపోతే ఇంక జన్మలో డేరా మాట ఎత్తదు.

"కుర్చీ పట్టుకున్నా, కర్ర పట్టుకున్నా లెక్కలోకి రాదు. చెయ్యి అసలే లెక్కలోకి రాదు," అన్నాడు బాబా.

"వల్లా అను."

"వల్లా," అని ఒట్టేశాడు బాబా. కోడలుమామా సాక్షి. టీ ట్రే పట్టుకుని నిలబడ్డ నేను రెండో సాక్షిని.

ఆ రోజునుంచి మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ మేమిద్దరం గది గడియ పెట్టుకుని సాధన మొదలుపెట్టాం. మా ఊళ్లో నిండు చూలాలు నేల మీద నుంచి ఎలా లేస్తుందో నాకు తెలుసు. పక్కకి తిరిగి, రెండు చేతులూ నేలకి ఆన్చి, ముందు మోకాళ్ల మీదకి వచ్చి, గట్టి కాలు ముందుకి పెట్టి, అప్పుడు బరువంతా దాని మీద వేసి లేవాలి. పెద్దమామాకి అదే నేర్పాను. దెబ్బ తగలకూడదని తివాచీ మీద పరుపు, పరుపు మీద దుప్పటి వేశాను. ఆవిడ మోకాళ్ల దాకా వచ్చేది. కాలు ముందుకి పెట్టేది. అక్కడ ఊగిపోయి నా మెడ పట్టేసుకునేది. రోజూ అదే వరస.

"నువ్వు దగ్గర నిలబడితే పట్టుకోబుద్ధవుతోంది. అవతలికి పో!" అనేది.

అవతలికి పోతే, "ఎక్కడ చచ్చావు?" అనేది.

ఆ ఇంటి డ్రైవరుది రాయచోటి. సాయిబుల అబ్బాయి, నన్ను అక్కా అని పిలిచేవాడు. డేరా మోసేదీ పాతేదీ అతనే కాబట్టి అతనికీ ఈ సంగతి మీద గొప్ప ఆసక్తి.

"ఏమక్కా, పెద్దామె లేస్తాందా లేదా? నాకు సెప్పు. ఆ డేరా గుంజలు యాడ పెట్నానో ఎతుక్కోవల్ల," అనేవాడు కారు తుడుస్తూ.

"ఊరుకో తమ్ముడూ. లేత్తాది. మా పెద్దమామా లేవకపోతే నా పేరు మార్చుకుంటానంతే, ఆయ్," అనేదాన్ని. గదిలోకి వచ్చి మాత్రం దిగులుపడేదాన్ని.

శుక్రవారం అబ్బాసియాలో ఒక ఫ్లాటులో మనవాళ్ల కూడిక జరిగేది. ఆరాధనయ్యాక ప్రార్థన అవసరతలు చెప్పమంటారు. ఒకరు ఇఖామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, రెన్యువల్ కోసం, ఒకరు పిల్లాడి పరీక్షల కోసం లేచి చెబుతారు. నేనూ లేచాను. "మా పెద్దమామా నేల మీద నుంచి లేవాలని ప్రార్థించండి. లేస్తే డేరా వేస్తారు," అన్నాను. పాస్టరుగారి అమ్మగారు ముక్కు మీద వేలేసుకుంది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అయినా అందరూ కళ్లు మూసుకుని, చేతులెత్తి, ఒక ముస్లిం ముసలావిడ డేరా కోసం గట్టిగా ప్రార్థన చేశారు. మా జనం ఎంత మంచివాళ్లో నాకు ఆ వేళ తెలిసింది.

అలా అక్టోబరులో బయల్దేరాం. బాబా, కోడలుమామా, పెద్దమామా, నేను. పెద్దమామా గడప దాటిందంటే ఆవిడ సంచీ కూడా దాటాల్సిందే. అందులో గహ్వా ఫ్లాస్కు, చిన్న గిన్నెలు, ఖర్జూరాల డబ్బా, మడతపెట్టిన చాప. ఆస్పత్రికెళ్లినా ఇదే సంచీ. ఎక్కడ నాలుగు గజాల ఖాళీ నేల కనిపించినా చాప పరిచి గహ్వా పొయ్యడం వాళ్ల ఆనవాయితీ. "చైనాలో చాప దొరకదా యుమ్మా?" అని బాబా ఎగతాళి చేశాడు. "దొరుకుతుంది, కానీ అది నా చాప కాదు," అందావిడ.

షియాన్ నాకు భలే నచ్చింది. ముస్లింల వీధి అని ఒకటుంది, ఆ వీధి పొడవునా పొగలు, వాసనలు, కేకలు. తెల్ల టోపీ పెట్టుకున్న చైనా తాతలు అస్సలాము అలైకుం అంటుంటే పెద్దమామా మొహం చాటంత అయింది. చక్రాల కుర్చీలో ఊరేగుతూ అందరికీ బదులు చెప్పింది. మాకు తోడుగా ఒక చైనా అమ్మాయి వచ్చింది, అక్కడి ముస్లిమే. కాలేజీలో అరబ్బీ చదివిందట. ఆ పిల్ల మాట్లాడితే టీవీలో వార్తలు చదివినట్టుండేది. "ఓ గౌరవనీయురాలా, మీకు దాహం కలుగుచున్నదా?" అని అడిగేది. పెద్దమామా కళ్లు తుడుచుకుని మరీ నవ్వేది. ఇంట్లో మాట్లాడే అరబ్బీ మాత్రమే నాకు వచ్చు, అందుకే నేనేమన్నా ఆ పిల్లకి అర్థమయ్యేది కాదు. అయినా మేం ముగ్గురం తెగ కబుర్లు చెప్పుకున్నాం.

మధ్యలో పెద్దమామా హోటల్ గదిలో రెండుసార్లు ప్రయత్నం చేసింది. అక్కడా మెత్తటి తివాచీయే. మోకాళ్ల దాకా వచ్చింది, ఊగింది, మంచం కోడు పట్టుకుంది. "ఇంక వద్దులే, బింతీ," అంది. అరబ్బీలో కూతురా అని. ఆవిడ నన్ను తిట్టకుండా బింతీ అంటే నాకు భయం. మర్నాడొక్కటే మిగిలింది, ఎల్లుండి తిరుగు ప్రయాణం. ప్రభువా, ఈ మనిషి ఇంక ఇసక మొహం చూడదా అని నాకు గుండె బరువెక్కిపోయింది.

ఆ చివరి రోజే పాత రాజధాని చూడ్డానికి వెళ్లాం. టాంగ్ రాజుల కోట ఉన్న చోటు. కోడలుమామా నాకు ముందురోజే ఫోన్లో బొమ్మలు చూపించింది. ఎర్ర స్తంభాలు, వంపు తిరిగిన పైకప్పులు, మెట్లు, మెట్ల మీద సిపాయిలు. తీరా వెళ్తే ఏముంది? మైదానం! కంటికి ఆనినంత మేర బోడి నేల, అక్కడక్కడ ఎత్తుగా మట్టిదిబ్బలు, వరసగా రాళ్లు. పైన ఆకాశం. అంతే.

"కోటేదీ?" అన్నాడు బాబా.

"ఓ గౌరవనీయులారా, మీరు కోటయందే నిలబడియున్నారు," అంది ఆ పిల్ల.

తరవాత ఓపిగ్గా చెప్పింది. కోటంతా కట్టెతో కట్టారట. యుద్ధాల్లో కాలిపోయింది. మిగిలింది పునాది ఒక్కటే. మట్టిని పలచగా పరిచి దిమ్మిసతో కొట్టి, మళ్లీ పరిచి మళ్లీ కొట్టి, అలా పొరలు పొరలుగా లేపిన అరుగులవి. రాజు కొలువు తీరిన అరుగు చుట్టూ ఇటుకలు కట్టి లోపలి పాతమట్టిని కాపాడుతున్నారు. రాళ్లున్న చోటల్లా ఒకప్పుడు స్తంభం ఉండేది. నాకు వింటుంటే ఒళ్లు జలదరించింది. కట్టె పోయింది, రాజు పోయాడు, ఎవరో కూలివాళ్లు కొట్టిన మట్టి మాత్రం చెక్కు చెదరలేదు.

బాబాకి మాత్రం నీరసం వచ్చేసింది. "మట్టి చూడ్డానికి ఇంతదూరం రావాలా? మట్టి మనకి లేదా?" అని గొణిగి, పాత కోట ఎలా ఉండేదో చిన్న నమూనా కట్టి పెట్టారంటే అది చూస్తానని బ్యాటరీ బండెక్కాడు. కోడలుమామా కూడా ఎక్కింది. పెద్దమామా, నేను, ఆ పిల్ల మిగిలాం.

పెద్దమామా కుర్చీలో ముందుకి వంగి, ఆ బయలంతా చూస్తోంది. గాలి రివ్వుమని కొట్టి ఆవిడ తలముసుగు ఎగరేసింది. సన్నటి దుమ్ము లేచింది. ఆవిడ గట్టిగా వాసన పీల్చింది.

"ఇది బర్!" అంది. "బింతీ, వల్లా, ఇది బర్!"

కుర్చీ దిగి, కర్ర పట్టుకుని చరచరా నడిచింది. నేను సంచీ భుజాన వేసుకుని వెనకాల పరిగెత్తాను. ఒక దిబ్బ పక్కన చదునైన నేల ఉంది. దాని చుట్టూ ఇనప మేకులు దిగ్గొట్టి, మోకాలెత్తున తాడు కట్టారు. అది చూడగానే మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే మా కువైట్ బర్‌లో డేరా వేసుకోబోయేవాళ్లు ముందుగా వచ్చి సరిగ్గా ఇలాగే మేకులు కొట్టి తాడు కట్టిపోతారు. డేరా ఎత్తేశాక కూడా కొన్నిచోట్ల మేకులు అలాగే ఉండిపోతాయి.

"ఎవరో డేరా ఎత్తుకుపోయారు. చోటు ఖాళీగా ఉంది. యల్లా, చాప వెయ్," అంది పెద్దమామా.

నేను తాడు పైకెత్తి పట్టుకున్నాను. ఆవిడ కిందనుంచి దూరింది. చైనాలో రాజుల కోటలో డేరా ఎవడు వేస్తాడే పిచ్చిమొహమా అని నాకు తోచలేదు. వేసేవాళ్లు వేస్తారనే అనుకున్నాను. చాప పరిచాను. ఆవిడ కర్ర అవతల పారేసి, నా భుజం పట్టుకుని దిగి, బాసింపట్టు వేసుక్కూర్చుంది. ఆ పిల్ల ఫోన్ చూసుకుంటూ వెనకబడింది. నేను ఫ్లాస్కు తీసి మొదటి గిన్నెలో గహ్వా పోశానో లేదో, ఈల!

యూనిఫాం వేసుకున్న ఒకావిడ ఈల ఊదుకుంటూ మా మీదకి దూసుకొచ్చింది. చైనా భాషలో ఏదేదో అంటోంది. ఆ పిల్ల పరిగెత్తుకొచ్చి, పాలిపోయిన మొహంతో చెప్పింది. "ఓ గౌరవనీయురాలా! ఇది తవ్వకముల స్థలము! దీనియందు పాదము మోపరాదు! తక్షణమే లేవవలయును!"

నా చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా సిగ్గుపడటానికి తీరికెక్కడిది? ఆ కాపలావిడ తాడు దాటి లోపలికొచ్చి, ముసలిమనిషి కదా పాపమని వంగి పెద్దమామా జబ్బ పట్టుకోబోయింది.

"లా! లా! ముట్టుకోవద్దు!" అని కెవ్వుమన్నాను.

ఆవిడ అదిరిపడింది. ఈ పక్కనుంచి గాలిపటం ఎగరేసుకునే ఒక తాత దారం వదిలేసి సాయానికి వచ్చాడు. ఆయన చెయ్యి చాపితే ఆయనకీ అడ్డం పడ్డాను. చైనావాళ్లు పెద్దవాళ్లకి ఎంత మర్యాద చేస్తారో అప్పుడే తెలిసింది, తలా ఒక చెయ్యి ఇవ్వడానికి వచ్చేవాళ్లే. నేను ధాన్యం మీద కోళ్లని తోలినట్టు రెండు చేతులూ చాపి అందర్నీ తోలుతున్నాను. చెయ్యి పడితే డేరా పోయినట్టే కదా!

"చెప్పవే తల్లీ వాళ్లకి!" అని ఆ పిల్లని బతిమాలాను. ముందు తెలుగులో, తరవాత తేరుకుని అరబ్బీలో. "ఈవిడ తనంతట తనే లేవాలి. లేస్తే కొడుకు డేరా వేస్తాడు. ఎవరు పట్టుకున్నా డేరా లేదు. చెప్పు!"

ఆ పిల్ల ఏం అర్థం చేసుకుందో ఏం చెప్పిందో గానీ, కాపలావిడ మొహం మారిపోయింది. ఒక అడుగు వెనక్కి వేసి, తనే అటు తిరిగి, వచ్చేవాళ్లని చెయ్యెత్తి ఆపింది. అంతలో బ్యాటరీ బండి వచ్చి ఆగింది. బాబా ఒక్క దూకు దూకాడు.

"యుమ్మా! ఏంటిది? పడ్డావా? చెయ్యి ఇయ్యి!"

"తియ్యరా ఆ చెయ్యి!" అని గద్దించింది పెద్దమామా. "పడలేదు, కూర్చున్నాను. నేల మీద. నువ్వు చెప్పిన నేల మీద. ఇప్పుడు చూడు."

బాబా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కోడలుమామా తాడు పట్టుకుని నిలబడిపోయింది. పెద్దమామా పక్కకి తిరిగింది. చేతులు ఆన్చింది. మోకాళ్ల మీదకి వచ్చింది. కాలు ముందుకి పెట్టి లేవబోతే అబాయా అంచు మళ్లీ పాదం కింద పడింది. ధబుక్కున చతికిలబడింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పుడు నేనాగలేకపోయాను. నాట్లప్పుడు మా ఊరి ఆడవాళ్లు చీర కుచ్చెళ్లు ఎత్తి బొడ్లో దోపుకుంటారే, అలా ఆవిడ అబాయా అంచు రెండు చేతులా పైకెత్తి నడుము పట్టీలో దోపేశాను. కింద ఆవిడ తొడుక్కున్న గులాబీ పువ్వుల లాగు బయటపడింది. "ఐబ్! ఐబ్!" అని కోడలుమామా సిగ్గుతో మొహం కప్పుకుంది.

"మనిషిని ముట్టుకోలేదు, బట్టని ముట్టుకున్నాను," అన్నాను బాబాతో. "లెక్కలోకి వస్తుందా?"

బాబా తల అడ్డంగా ఊపాడు.

"మామా, ఇప్పుడు లే," అన్నాను. "ఊఁ."

ఆవిడ మళ్లీ మోకాళ్ల మీదకి వచ్చింది. చాప పక్కకి జరిగిపోయింది. పాదం ఆ వట్టి నేల మీద పెట్టింది. రాజుల కూలివాళ్లు దిమ్మిసతో కొట్టిన నేలో, ఆ పక్కనున్న మామూలు నేలో నాకు తెలియదు గానీ రాయిలా ఉంది, ఒక్క పిసరు దిగలేదు. నేను రోజూ వేసిన పరుపుల మీద ఆవిడ పాదం ఎన్నడూ అలా నిలబడలేదు. ముక్కింది. "యా అల్లా," అంది. నేను మనసులో "ప్రభువా, ప్రభువా" అంటున్నాను. ఇద్దరు దేవుళ్లలో ఎవరు పట్టించుకున్నా సరేననుకున్నాను. మోకాలు వణికింది. వీపు లేచింది. తల లేచింది. పెద్దమామా నిలబడింది. దేన్నీ పట్టుకోకుండా, రెండు చేతులూ గాల్లో చాపి, గులాబీ పువ్వుల లాగుతో, రాజుల దిబ్బ పక్కన నిలబడింది.

నేను అరిచిన అరుపుకి దూరాన బండిలో వెళ్లేవాళ్లు కూడా తిరిగి చూశారు. గాలిపటం తాత చప్పట్లు కొట్టాడు. కాపలావిడ కొట్టింది, ఆ పిల్ల కొట్టింది. కోడలుమామా మొహం మీద చెయ్యి తీసేసి నాలుక ఆడిస్తూ పెళ్లిళ్లలో వేసే కూత వేసింది. పెద్దమామా మాత్రం మమ్మల్నెవర్నీ చూడలేదు. తన కాళ్లవైపు చూసుకుని, అవి ఇంకెవరి కాళ్లో అన్నట్టు మురిసిపోయింది.

తరవాత కాపలావిడ మమ్మల్ని తాడు బయటికి తోలి, కూర్చోదగ్గ చోటు వేలు పెట్టి చూపించింది. నేను దండం పెట్టి తప్పయిందన్నాను. అక్కడ చాప మళ్లీ పరిచాను. పెద్దమామా నవ్వుతూ, చెయ్యి ఇవ్వబోతే కసిరి, తనే కూర్చుంది. కాపలావిడకి, గాలిపటం తాతకి తన చేత్తో గహ్వా పోసి ఖర్జూరాలు పెట్టింది. గహ్వా తాగి కాపలావిడ మొహం వికారంగా పెట్టింది, అయినా గిన్నె ఖాళీ చేసింది.  చివరికి అంత పెద్ద వ్యాపారస్తుడు బాబా కూడా వచ్చి తల్లి పక్కన చాప మీద చతికిలబడ్డాడు. ఆవిడ ఆయన తలమీద దుమ్ము దులిపి, చిన్నపిల్లాడికిచ్చినట్టు గింజ తీసిన ఖర్జూరం నోట్లో పెట్టింది. నా కళ్లు చెమర్చాయి. ఎందుకు దాచాలి, ఆ పూట నాకు ఈ భూమ్మీద ఏ లోటూ లేదు.

ఎండ వాలుతోంటే ఇంక వెళదామన్నారు. పెద్దమామా పక్కకి తిరిగి, చేతులు ఆన్చి, ఈసారి ముక్కకుండా లేచింది. నేను లేచాను. కోడలుమామా లేచింది. బాబా లేవలేదు.

లేవలేదు కాదు, లేవలేకపోయాడు. కాళ్లు తిమ్మిరెక్కాయి. ముందుకి వంగితే పొట్ట అడ్డం. వెనక్కి చేతులు ఆన్చితే ఒళ్లు లేవదు. ఏళ్ల తరబడి కుర్చీల్లోనూ కార్లలోనూ తప్ప కూర్చోని మనిషి. మొహం ఎర్రబడింది. ఒకసారి సగం లేచి కూలబడ్డాడు. కోడలుమామా నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. నేను పెదాలు కొరుక్కున్నాను.

పెద్దమామా కొడుకుని పైనుంచి కిందికి తీరిగ్గా చూసింది. ఏదో ఒకటి అంటుందేమోనని మేమంతా చూశాం, ఆవిడ సంగతి తెలుసు కదా. వంగి చెయ్యి చాపింది.

బాబా ఆ చెయ్యివైపు చూశాడు, తల్లి మొహంలోకి చూశాడు, పట్టుకున్నాడు. నేను గబుక్కున వెనకనుంచి పెద్దమామా నడుం చుట్టేసి ఆన్చి పట్టాను, ఇద్దరూ బోర్లా పడకుండా. ఒక్క లాగు లాగింది. లేచాడు.

లేచాక కూడా చెయ్యి వదల్లేదు. చక్రాల కుర్చీ నేను ఖాళీగా తోసుకుంటూ వస్తున్నాను, వాళ్లిద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నా ముందు నెమ్మదిగా నడుస్తున్నారు.  బండెక్కబోతూ బాబా అడిగాడు.

"యుమ్మా, డేరా వాకిలి ఎటువైపు పెట్టించమంటావు?"

పెద్దమామా చెప్పబోయి, మొహం నావైపు తిప్పేసుకుంది. అన్నేళ్లలో ఆ మనిషికి మాట పెగలకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. అందుకని నేనే అందుకుని చెప్పాను.

"తూర్పుకి, బాబా. ఆవిడకి పొద్దున్నే ఎండ కాళ్ల మీద పడాలి."